ఎనిమిదో తాడు: ఒక నృత్య రూపకం తయారీ డైరీ

మే చివర

ఈ ఏడాది కూర్చబోయే నృత్య రూపకానికి విషయం ఖాయమైంది: ఊరు వెలివేసిన మనిషి. మొదట అనుకున్నది ‘సమాజంలో వ్యక్తి’ అని. అంత పెద్ద మాటతో మొదలుపెడితే వేదిక మీద ఏమవుతుందో చాలాసార్లు చూశాను. ఒకరు ముందుకొచ్చి ఆకాశానికి చేతులు చాస్తారు. వెనక పదిమంది ఒకే అడుగు వేస్తూ కనుబొమలు ముడేస్తారు. ఎర్ర లైటు పడుతుంది. ఆ ఒక్కరూ మంచివారనీ, ఆ పదిమందీ చెడ్డవారనీ మొదటి నిమిషంలోనే తేలిపోతుంది. ఆ తర్వాత చూడడానికి ఏమీ మిగలదు.

అందుకని వెలి ఒక్కదాన్నే పట్టుకున్నాను. దొరికినంత చదివాను, పల్లెల్లో ఉన్న బంధువులను అడిగాను. అందరూ చెప్పేది ఇంచుమించు ఒకటే. కొట్టరు, ఒక్కోసారి తిట్టరు కూడా. కొట్లో సరుకు ఇవ్వరు. కూలికి పిలవరు. శుభానికి పిలవరు, పిలిచినా రారు. ఇంట్లో ఎవరైనా పోతే మోయడానికి నలుగురు దొరకరు. మాట కలిపినవారికి జరిమానా. షెడ్యూల్డు కులాలు, తెగల వారిపై సాంఘిక బహిష్కరణ విధించడాన్ని అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ నేరాల జాబితాలో చేర్చింది. అది 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. ఏ కులం వారిని వెలివేసినా నేరమేనంటూ మహారాష్ట్ర 2016లో ప్రత్యేకంగా ఒక చట్టం చేసుకుంది. చట్టాలు చేయాల్సి వచ్చిందంటే సంగతి పాతబడలేదనే అర్థం.

నృత్యం కూర్చేవారికి ఇందులో ఒక చిక్కు ఉంది. వెలి అంతా చేయకపోవడంతోనే నడుస్తుంది. పిలవకపోవడం, ఇవ్వకపోవడం, చూడకపోవడం. మా పనేమో చేసి చూపించడం.

మిత్రులు గుర్తుచేసినవి రెండు. ఒకటి, స్త్రావిన్‌స్కీ సంగీతానికి నిజిన్‌స్కీ 1913లో పారిస్‌లో కూర్చిన ‘ది రైట్ ఆఫ్ స్ప్రింగ్’ బాలే. అదే సంగీతానికి 1975లో పీనా బౌష్ వేదిక నిండా మట్టి పరిచి మళ్లీ కూర్చింది. గుంపు ఒక పిల్లను ఎంచుకుని, చచ్చిపోయేదాకా ఆడిస్తుంది. రెండోది మన కూచిపూడిలోదే, వెంపటి చినసత్యం గారి ‘చండాలిక’. రెండూ గొప్పవే కానీ రెండూ నాకు దారి చూపలేదు. మొదటిదానిలో గుంపు కళ్లన్నీ ఆ పిల్ల మీదే ఉంటాయి. రెండోదానిలో అంటరానిదన్న పిల్లను నీళ్లడిగే బౌద్ధ భిక్షువు ఆనందుడు వస్తాడు. నా కథలో చూసేవారూ లేరు, అడిగేవారూ లేరు.

జూన్ రెండో వారం

బృందం ఎనిమిది మంది, అందరూ కూచిపూడి నేర్చినవారే. ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు ఇంజనీరింగ్ చదువుతున్నారు, ఒకరు బడిలో లెక్కలు చెబుతారు. మిగిలినవారు ఇంటర్ దాటినవారు. ప్రస్తుతానికి మా ఇంటి మేడ మీద సాయంత్రాలు సాధన.

అడుగుల జోలికి పోకుండా చూపుతో మొదలుపెట్టాము. ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి, ఒకరిని ‘ఎదుట మనిషి లేనట్టు’ చూడమన్నాను. అభినయం మీది పాత శాస్త్ర గ్రంథం అభినయ దర్పణం చెప్పిన ఎనిమిది దృష్టి భేదాలూ, అంటే చూపుల రకాలూ, వీళ్లకు చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చినవే కాబట్టి వరుసగా ప్రయత్నించారు. సాచీ, అంటే కడకంటి చూపు: తలకాయ కదలకపోయినా కుతూహలం బయటపడిపోతోంది. అవలోకితం: కింద చూస్తే తప్పు చేసింది చూసేవాళ్లే అనిపిస్తోంది. నిమీలితం: ధ్యానంలో ఉన్నట్టుంది. ప్రలోకితం: అటూ ఇటూ చూస్తుంటే ఎవరినో వెతుకుతున్నట్టుంది. ముఖం పక్కకు తిప్పేస్తే అలక.

పనికొచ్చినది మేము ఆఖరున ప్రయత్నించినది. సమదృష్టి. రెప్ప వేయకుండా, దేవతాస్త్రీలా నిదానంగా ఎదురుగా చూడడం. ఏ భావమూ లేదని దీన్ని మేము పాఠంలో మొదటే నేర్చుకుని పక్కన పెడతాము. లెక్కల టీచరమ్మ ఒక కిటుకు కనిపెట్టింది. ఎదుటి మనిషి చెవి పక్కగా, వెనక ఉన్న గోడ గడియారంలో ముల్లు మీద చూపు నిలపాలి. అప్పుడు కనుపాపలు రెండూ కొద్దిగా ఎడమవుతాయి. అవతల నిలబడ్డవారికి తమ ముఖం మీదుగా చూపు దాటిపోతున్నట్టు తెలుస్తుంది. అటువైపు నిలబడిన చిన్నమ్మాయి కాసేపు ఓర్చుకుని, “అక్కా, ఇక చాలు” అని పక్కకు వచ్చేసింది. ఆ అమ్మాయే ఎనిమిదోది, అంటే వెలిపడే మనిషి, అవుతుందని అప్పుడే అనుకున్నాను.

ఎందుకు వెలివేశారు అన్న ప్రశ్న ఆ సాయంత్రమే వచ్చింది. కారణం చెప్పనని చెప్పాను. చెప్పిన మరుక్షణం చూసేవారు తప్పొప్పులు తూచడం మొదలుపెడతారు. ప్రేమ పెళ్లి అంటే ఒకలా, పొలం గట్టు తగాదా అంటే మరోలా. బ్యాంకు ఉద్యోగికి నా మాట నచ్చలేదు. కారణం లేని పాత్ర ఎలా ఆడతామంటుంది. ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

ఆషాఢం

విజయవాడలో ఆషాఢ మాసమంటే అమ్మవారికి సారె తీసుకెళ్లేవారితో కొండ దగ్గర సందడి, పెళ్లి మండపాలేమో బోసి. మా పేటలోని ఒక మండపం యజమాని చవగ్గా అద్దెకిచ్చాడు. పూల అలంకరణ వేలాడదీసే ఇనుప దూలం ఉండడమే మాకు కావలసింది. ఎందుకంటే ఈలోగా రూపకానికి వెన్నెముక దొరికింది: జడ కోలాటం.

చిన్నప్పుడు శ్రీరామనవమి పందిళ్లలో చూసినదే. పైన ఒక కొక్కేనికి తాళ్లు కడతారు. ఒక్కో తాడు కొస ఒక్కొక్కరి ఎడమ చేతిలో, కుడి చేతిలో కోల. సగం మంది కుడివైపు, సగం మంది ఎడమవైపు తిరుగుతారు. ఎదురైనవారిని ఒకసారి లోపలి నుంచి, తర్వాతి వారిని బయటి నుంచి దాటుకుంటూ పోతే పైన తాళ్లన్నీ జడగా అల్లుకుంటాయి. పాట మారగానే వెనక్కి తిరిగి, వచ్చిన దారినే పోతే జడ విడిపోతుంది. చూడడానికి పండగలా ఉంటుంది. నేర్చుకోవడానికి గుడివాడ వైపు పల్లె నుంచి ఒక కోలాటం మాస్టారిని పిలిపించాము. ఆయనకు డెబ్బై దాటాయి. నేల మీద సున్నంతో గుండ్రం గీసి, ఎనిమిది చుక్కలు పెట్టి, ముందు తాళ్లు లేకుండా నడిపించారు. మా వాళ్లకు అడుగు సులువే, దారే కష్టం. కూచిపూడిలో ఎదుట ప్రేక్షకులు ఉంటారు, ఇక్కడ ఎదుట ఎప్పుడూ ఇంకో మనిషి.

తాళ్ల సంగతి కాస్త వివరంగా రాసి పెట్టుకోవాలి, మళ్లీ ఎవరైనా చేస్తే పనికొస్తుంది. నైలాన్ తాడు వద్దు. జడ జారిపోతుంది, అరచేయి కోసుకుపోతుంది. మంచాలకు అల్లే నూలు నవారు తెచ్చాము. బల్లపరుపుగా ఉండడం వల్ల జడ చక్కగా కూర్చుంటుంది, చెమట చేతికీ పట్టు దొరుకుతుంది. కొక్కెం 14 అడుగుల ఎత్తులో, తాడు 16 అడుగులు. అలా అయితే మొదట 12 అడుగుల దూరంలో నిలబడి గుండ్రంగా తిరగవచ్చు. కొక్కెం కదలకుండా బిగించాలి. అది తిరిగిందంటే ఒక వైపువారు కాస్త గట్టిగా లాగినా జడంతా మెలిపడుతుంది.

నవారంతా తెల్లగానే ఉంచాలని నా పట్టు. ఎనిమిది తాళ్లూ ఒకే రంగులో ఉంటే జడలో ఎవరిది ఏదో తెలియదు, సమాజంలో మనిషి కలిసిపోవడమంటే అదే కదా అని. మాస్టారు ఒప్పుకోలేదు.

“రంగులు అందం కోసం అనుకుంటున్నావా అమ్మాయీ? జడలో తేడా వచ్చిందనుకో, తలెత్తి చూస్తే ఏ రంగు దారి తప్పిందో తెలిసిపోతుంది. ఆ రంగు పట్టుకున్న పిల్లకి చెప్పుకోవచ్చు.”

ఆ మాట విన్న తర్వాత తెలుపు గురించి మళ్లీ ఎత్తలేదు. ఎవరు దారి తప్పారో పట్టుకోవడానికి అందరికీ తలా ఒక రంగు. ఇంతకన్నా నా కథకు దగ్గరైన ఏర్పాటు నేనే కూర్చుని ఆలోచించినా తట్టేది కాదు. నవారుకు ఎనిమిది రంగులు అద్దించాము.

అల్లుతుంటే తెలిసిన మరో విషయం. జడ పెరిగే కొద్దీ తాడు కురుచవుతుంది, గుండ్రం చిన్నదవుతుంది. 12 అడుగుల దగ్గర మొదలైనవారు చివరికి ఐదారు అడుగుల దగ్గరకు వచ్చేస్తారు. మొదట్లో చేతులు బారచాపి దాటుకున్నవారు ఆఖరుకు భుజాలు ముడుచుకుని, ఒకరి ఊపిరి ఒకరికి తగిలేలా దూరుతారు. జడ ఎంత బిగిస్తే అంత ఇరుకు. దీనికి నేను ఏ అభినయమూ కలపదలుచుకోలేదు. తాడే ఆ పని చేస్తోంది.

జులై మధ్య

సంగీతం. మృదంగం ఆయనా, నట్టువాంగం చేసే (తాళాలు వాయిస్తూ జతులు చెప్పే) అమ్మాయీ, నేనూ కూర్చున్నాము. ఆలోచన ఇది: ఆది తాళంలో ఎనిమిది అక్షరాలు, మేము ఎనిమిది మంది. ఒక్కో అక్షరం ఒక్కొక్కరిది. తన అక్షరం వచ్చినప్పుడే తన కోల మోగాలి. ఎనిమిది కోలలూ వరుసగా మోగితే ఒక ఆవర్తం.

మరి ఒకరు పోతే? మృదంగం ఆయన వెంటనే అడిగారు, ఏ అక్షరం పోవాలి అని. వేళ్లు లెక్కపెట్టి చూస్తే సమాధానం అక్కడే ఉంది. ఆది తాళమంటే చతురశ్ర జాతి త్రిపుట: నాలుగక్షరాల లఘువు అనే భాగం, తర్వాత రెండేసి అక్షరాల ద్రుతాలు రెండు. లఘువులో ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. ఆ మధ్య వేలి అక్షరాన్ని, అంటే నాలుగోదాన్ని, తీసేస్తే మిగిలేది మూడు, రెండు, రెండు. తిశ్ర జాతి త్రిపుట. అంటే ఒక మనిషిని తీసేసినా తాళం కూలిపోదు, ఇంకో తాళమవుతుంది. చక్కగా, శాస్త్రీయంగా, పేరుతో సహా.

వాయించి చూశారు. ఎనిమిది నుంచి ఏడులోకి జారిన చోటు ఎంత నున్నగా ఉందంటే, వింటున్న పిల్లల్లో సగం మంది గమనించనే లేదు. నట్టువాంగం అమ్మాయి ఏడులో ఒక తీర్మానం, అంటే జతి ముగింపు, కూడా అప్పటికప్పుడు కట్టేసింది. ఎనిమిదిలో కన్నా బాగుంది. పోయినవాళ్ల లోటు తెలియకపోగా, పోవడమే మేలైందనిపించేంత బాగుంది. నాకు ఒళ్లు జలదరించింది కానీ మార్చమని అడగలేదు. వెలివేసిన ఊరు మరునాడు పొద్దున అలాగే ఉంటుందని పల్లెల్లో విన్నాను. పాలు పితుకుతారు, బస్సు వస్తుంది.

జులై చివర

చెవి ఒప్పుకుంది, తాడు ఒప్పుకోలేదు.

చిన్నమ్మాయి ఎడమవైపు తిరిగే నలుగురిలో ఉంది. జడ సగం అల్లాక తాడు వదిలేసి బయటకు నడుస్తుంది. ఇప్పుడు కుడివైపువారు నలుగురు, ఎడమవైపువారు ముగ్గురు. ఖాళీని మూసేసి, సర్దుకుని నడవమన్నాను. తాళంలో జరిగినట్టే జరుగుతుందని నా లెక్క. రెండు దాట్లు కూడా సాగలేదు. ప్రతి దాటుకూ కుడివైపువారిలో ఒకరికి ఎదురు మనిషి లేరు. వారు ఆగితే వెనకవారు వచ్చి తగులుతున్నారు, ఆగకపోతే లోపల, బయట వరుస తారుమారు. పసుపు తాడు ఆకుపచ్చ మీద రెండుసార్లు ఎక్కి కూర్చుంది. మాస్టారు తలెత్తి చూసి, ఎవరి రంగో చెప్పబోయి ఊరుకున్నారు. ఈసారి తప్పు ఏ రంగుదీ కాదు.

ఆయనే ఉపాయం చెప్పారు. “పిల్ల ఉన్నట్టే నడవండి. ఆ చోటు వచ్చినప్పుడు ఉత్తగాలికి దారి ఇవ్వండి.”

నడిచారు. జడ మళ్లీ నిలబడింది, ఒక పాయ తక్కువగా. కానీ కింద ఏం కనిపిస్తోందంటే, ప్రతి ఆవర్తంలోనూ ఎవరో ఒకరు ఎదుట ఎవరూ లేకుండానే తలవంచి, తాడెత్తి, ఒకరికి దారి ఇచ్చి పోతున్నారు. చూడనట్టు నటించే సమదృష్టి పై నుంచి అలాగే ఉంది. ఒళ్లు మాత్రం కింద లేని మనిషిని లెక్కపెడుతూనే ఉంది. రూపకంలో నేను చెప్పదలుచుకున్నది ఇదేనని అప్పుడు అర్థమైంది. ముందు కూర్చిన దుఃఖ ఘట్టాన్ని, చిన్నమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని పాటకు అభినయం చేసే పదాన్ని, ఆ సాయంత్రమే తీసేశాను. అది తనకు చాలా బాగా వచ్చింది, అందుకు బాధపడింది కూడా. వెలి ఎలా ఉంటుందో ఆమె చెప్పక్కర్లేదు. ఆ ఏడుగురి నడకే చెబుతోంది.

ఆమె బయట ఏం చేయాలన్నది తేలలేదు. నాట్యశాస్త్రం నాలుగో అధ్యాయంలో పిండీబంధాల గురించి, అంటే బృందం ఆడే కూర్పుల గురించి ఉంది: గుంపుగా ముద్దకట్టేది పిండి, చేతులు కలిపిన గొలుసు శృంఖలిక, తీగలా అల్లుకునేది లతాబంధం, విడిపోయి ఆడేది భేద్యకం. మా జడ లతాబంధమే అనుకోవచ్చు. భరతుడు విడిపోయి ఆడడాన్ని కూడా బృంద నృత్యపు రకాల్లోనే చేర్చాడన్నది నన్ను పట్టేసింది. విడిపోయినా లెక్కలోనే ఉంది. కాబట్టి ఆమె తన పాత దారినే, తన నాలుగో అక్షరంతోనే, గుండ్రానికి బయట నడుస్తుంది. కోల ఉంది, కొట్టడానికి అవతలి కోల లేదు. నేల మీద కొట్టిస్తే పంతం పట్టినట్టుంది. తన ఖాళీ అరచేతిలో కొట్టుకోమన్నాను. చప్పుడు రెండో వరుస దాటదు. దాటకపోవడమే కావాలి.

శ్రావణం

ముహూర్తాలు మొదలయ్యాయి, మండపం పోయింది. ఒక బడి ఆవరణలో వేపచెట్టు కొమ్మకు తాళ్లు కట్టుకున్నాము. మాస్టారికి ఇదే నచ్చింది. మండపంలో ఆయనకు ఫ్యాను గాలి పడలేదట.

తయారైనంత మేరకు కొద్దిమందికి చూపించాము. పిల్లల ఇళ్లవారు, ఒక మహిళా కోలాటం బృందం, ఇద్దరు ముగ్గురు నాట్యం తెలిసినవారు. తర్వాత మాటల్లో సగం సేపు ‘ఆ అమ్మాయి చేసిన తప్పేమిటి’ అన్నదాని మీదే నడిచింది. ఒకాయన ఏదో ఒకటి ఉండే ఉంటుందన్నారు. బ్యాంకు ఉద్యోగి నా వైపు చూసింది. కారణం లేని పాత్ర గురించి ఆ తర్వాత ఆమె అడగలేదు.

కోలాటం బృందంలోని ఒకావిడ వేసిన ప్రశ్న మాత్రం నన్ను వదలడం లేదు. “మాలో ఒకరికి ఒంట్లో బాగోకపోతే ఇంకో పిల్లను పెట్టుకుంటామండి. మీరు ఖాళీ ఎందుకు ఉంచారు?” నిజమే, ఊళ్లు ఎక్కువగా చేసేది అదే. పాలేరు స్థానంలో ఇంకో పాలేరు, కోడలి స్థానంలో ఇంకో కోడలు. ఆమె చెప్పినట్టు తొమ్మిదో అమ్మాయిని పెట్టి ఒకసారి నడిపించాను. జడ నిక్షేపంలా వచ్చింది, ఘట్టం చచ్చిపోయింది. అలాగని ఆ ప్రశ్న తప్పని అనలేను. ఈ రూపకంలో దానికి చోటు దొరకలేదు, బహుశా ఇంకోదానిలో దొరుకుతుంది.

భాద్రపదం

ఇక మిగిలింది విప్పడం. జడ కోలాటంలో అల్లినంత దారీ వెనక్కి నడిస్తేనే ఆట ముగిసినట్టు. ఏడుగురు అల్లిన కింది భాగం విడిపోయింది. ఆమె తాడు జడ మధ్యలోంచి వేలాడే చోటికి వచ్చేసరికి ఆగిపోయాము. అక్కడి నుంచి పైకి విప్పాలంటే ఆ తాడు కూడా తన దారిన వెనక్కి నడవాలి. వేరే మార్గం లేదు, కత్తిరిస్తే తప్ప.

ఆమె తిరిగి వచ్చి తాడు పట్టుకుంటే చూసేవారికి హాయిగా ఉంటుంది. అంత సులువుగా ఎవరినీ తిరిగి పిలవరు, పిలిచినా అంత సులువుగా రారు. అందుకని లెక్కల టీచరమ్మ పాత్ర ఆ పని చేస్తుంది. తన తాడుతో ఒక దాటు దాటుతుంది, దాన్ని పక్కవారికి అందిస్తుంది, వెనక్కి వెళ్లి ఆమె తాడు తీసుకుని ఆమె దాటు దాటుతుంది, మళ్లీ తన తాడు దగ్గరకు వస్తుంది. ఆ ఒక్కరు రెండు దార్లూ నడిచేదాకా మిగిలిన ఆరుగురూ ఆగాలి, ప్రతి దాటుకూ. సాధనలో ఇది పదకొండు నిమిషాలు పట్టింది. ఆగడం చేతకాక మొదట్లో అందరూ కాళ్లు కదిపారు. ఇప్పుడిప్పుడే నిలబడడం నేర్చుకుంటున్నారు. ఆడడం కన్నా అదే కష్టమని ఇంజనీరింగ్ పిల్లలు గోల.

“ఆ పదకొండు నిమిషాలూ నేనేం వాయించాలి?” అన్నారు మృదంగం ఆయన. నాలుగో అక్షరం ఒక్కటి వాయించమన్నాను. మిగిలిన ఏడూ మనసులో లెక్కపెట్టుకోవాలి. ఆయన కాసేపు గొణిగి, లయ జారకుండా అలా వాయించాలంటే ఎంత కష్టమో చెప్పి, ఒప్పుకున్నారు.

ప్రదర్శనకు అడిగినవారు 40 నిమిషాలే ఇస్తామంటున్నారు. మాది ఇప్పుడు 52. విప్పే భాగం నెమ్మదిగా ఉందట, అక్కడే కత్తెర వేయమని సలహా. మొదట్లో పెట్టిన ప్రార్థన శ్లోకం తీసేస్తున్నాను, కోలలు పంచే ఘట్టం సగానికి తగ్గిస్తున్నాను, ఎనిమిది మందినీ పరిచయం చేసే జతులు రెండు పోతున్నాయి. అప్పటికీ చాలకపోతే ఇంకో వేదిక వెతుక్కుంటాను. మరి నాలుగు వైపులా ఇనుప దూలాన్ని బిగించనిచ్చే హాలు దొరకాలి. రేపు ఇద్దరు పిల్లలను తీసుకుని టేపుతో బయలుదేరుతున్నాము.